ఫాల్గుణమాసపు గాలి

2013వ సంవత్సరమున బడిపంతులుద్యోగము విరమించి తిరుపతిలో నిలిచితిమి. ఇప్పుడు మాకు గల పని ముఖ్యముగా వాకిట కసవూడ్చుట. ఫాల్గుణమున వేపచెట్టు ఆకు రాల్చును. గాలి యొకమూల నూడ్చినదానిని రెండవమూలకుఁ జేర్చును. మా యిల్లాలు చూచి నవ్వును.

చిత్తూరువైపు తోతాపురి తోటలవారికి ఈ గాలి యనిన గుండెదడ. మొన్న మా మేనల్లుడు రాలిన పిందెలు సంచెడు తెచ్చెను. మాకు ఊరగాయయైనది గాని, వాని ముఖమున నవ్వు లేదు.

తిరుపతివారి భయము వేఱు. 2014 మార్చినెలలో శేషాచలపుటడవి యంటుకొన్నప్పుడు మిద్దెపైనుండి పొగ చూచితిమి. మంటలార్పుటకు వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చెను. ఎండిన గడ్డికి గాలి తోడైనచో నిప్పురవ్వ చాలును.

ఇది యంతయు నెఱిగియే మేము గత శుక్రవారము కసవునకు నిప్పు పెట్టితిమి. అప్పటికి ఆకు కదలుట లేదు. ఇంతలో సుడిగాలి లేచి, మండుచున్న యాకులను గోడ దాటించి పొరుగింటి కొట్టముపై వేసెను. లోపల దూడ కట్టియుండెను. ఆ యింటి కోడలు పరుగునఁ బోయి దాని పలుపు విప్పెను. వీధివారు బిందెలతో నీళ్లు పోసిరి. కప్పు మూరెడు కాలినది.

ఆమె మమ్ము నిందింపలేదు. "అయ్యవారూ, మీ చేయి కాలలేదు గదా?" అని యడిగెను. నలువది యేండ్లు పిల్లలకు బుద్ధులు చెప్పిన మాకు ఆ ప్రశ్నకు బదులు తోఁపలేదు.

మఱునాడు కప్పు నేయించితిమి. ఇప్పుడు ఆకులను పెరటిగుంటలో వేసి మన్ను కప్పుచున్నాము. దూడ మాత్రము మమ్ము చూచినచో నింకను బెదరుచున్నది.