షార్లోటె చిత్రశాలలో

ఆమ్‌స్టర్‌డామ్ నగరమున, ఒకప్పటి నాలుగు యూదు ప్రార్థనాలయములను కలిపి తీర్చిన యూదు మ్యూజియమునకు నేను పోయినది షార్లోటె సాలోమన్ చిత్రములను చూచుటకే. వెలుతురు సోకిన వన్నె తరుగు కాగితములగుటచే అన్నిటిని ఒక్కమారు ప్రదర్శింపరు. మసక వెలుగున నున్న ఆ కొలదిపాటి చిత్రముల యెదుటనే నాకు ప్రొద్దు గడచినది.

1917లో బెర్లిన్‌లో ఒక శస్త్రవైద్యుని యింట పుట్టిన ఈ చిత్రకారిణికి తొమ్మిదేండ్లు నిండకమునుపే తల్లి కిటికీనుండి దుమికి ప్రాణము తీసికొనగా, ఇన్‌ఫ్లుయెంజా జ్వరముచే పోయినదని పెద్దలు బిడ్డను నమ్మించిరి. చిత్రములలో ఆ తల్లి కూతును ప్రక్కలో పొదువుకొని స్వర్గమును వర్ణించును. తాను దేవదూతనై అచటి విశేషములన్నియు ఉత్తరము వ్రాసి కిటికీగట్టుపై నుంచెదనని మాట యిచ్చును. తల్లి పోయిన పిమ్మట ఆ పసిది రాత్రులు లేచి కిటికీకడకు పోయి వెదకుకొనును. ఏ కిటికీ తల్లిని మ్రింగెనో ఎరుగని బిడ్డ కిటికీకడనే ఉత్తరమునకై కాచుకొనుట చూచి నాకు గుండె నీరయ్యెను.

నాజీల బాధకు తాళలేక ఆమె 1939లో దక్షిణ ఫ్రాన్సునందలి తాతగారి చెంత చేరగా, మరు సంవత్సరమే అమ్మమ్మయు ఆత్మహత్య చేసికొన్నది. తల్లి ఆత్మహత్యను, తనకు పేరిచ్చిన పినతల్లి నీటబడి చచ్చుటను తాతగారు వెల్లడించినది అప్పుడే. తానును ఆ దారినే పోవుటయా, అపూర్వమైన దేదేని సృజించుటయా అను ప్రశ్నకు ఆమె కుంచెతో బదులు చెప్పినది. ఎఱుపు, నీలము, పసుపు, తెలుపు తప్ప వేఱు రంగెఱుగని ఆ 769 పుటల ‘జీవితమా? నాటకమా?’లో తొలిపుటలపై పలుచని పారదర్శక పత్రములు పఱచి మాటలు వ్రాసినది. కడకు వచ్చుసరికి ఓపికలేని అక్షరములు బొమ్మలపైకే ఎగబ్రాకును.

ఆమెను నాజీల బలిపశువుగా మాత్రమే స్మరించుట నాకు న్యాయముగా తోచదు. ఇంటిలో దాగిన మృత్యువుతో ముందే పోరి గెలిచిన తరువాతనే, 1943లో, గర్భవతియై యున్న ఆమెను ఆష్విట్జ్‌లో చంపిరి. హాలెండులో అజ్ఞాతముగా బ్రతికి బయటపడిన తండ్రికిని సవతితల్లికిని యుద్ధానంతరము ఈ చిత్రములు దక్కినవి. బిడ్డకు చెప్పక దాచిన మరణమే బిడ్డ చేతివ్రాతతో తమ ముందర పఱచుకొనగా, వారు దానిని మరల దాచక 1971లో ఈ మ్యూజియమునకు అప్పగించిరి.