తలుపు మోసే తాడు

అమెరికాలో గరాజు తలుపును పైనున్న మోటారే ఎత్తుతోందని చాలామంది మిత్రుల నమ్మకం. మోటారు చేసేది నామమాత్రం. రెండు కార్లు పట్టే 16 అడుగుల తలుపు మామూలుగా 150 నుంచి 250 పౌండ్ల దాకా తూగుతుంది. ఆ భారం మోసేది తలుపు నెత్తిన ఇనుప కడ్డీకి మెలిపెట్టి బిగించిన స్ప్రింగు. దాని బలాన్ని తలుపు అడుగుకు చేరవేసేవి రెండంచుల్లోని ఉక్కు తాళ్ళు. వాటి మందం అంగుళంలో ఎనిమిదో వంతు! ఏతం మాను మీద మనిషి వెనక్కు నడిస్తే బొక్కెన లేచినట్లే, ఇక్కడ స్ప్రింగు విప్పుకొంటుంటే తాళ్ళు గిలకలకు చుట్టుకొని తలుపు తేలుతుంది.

2019 వసంతంలో నాన్నగారు ఒహాయోలోని మా ఇంటికి వచ్చారు. ఒకప్పుడు మా నూతికి చేంతాడు స్వయంగా పేనినవారు. వచ్చిన మూడోనాడే తలుపు చప్పుడు విని, వంగి చూసి, "ఒరే, ఎడమవైపు తాడు పురి విడుతోందిరా" అన్నారు. నిజమే. అడుగు కొసన, బిగింపుకు జానెడు పైన, నాలుగైదు తీగలు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కార్లతో పాటు లోపలికి వచ్చి కరుగుతుంది. తుప్పు మొదట పట్టేది అక్కడే.

ఒక తాడు తెగితే భారమంతా రెండోదాని మీద పడి తలుపు ఒరిగిపోతుంది. నాలుగేళ్ళ మా అమ్మాయికి ఆ తలుపు కిందనుంచి పరుగెత్తడం ఆట. 1993 నుంచి తయారయ్యే మోటార్లకు అడ్డు తగిలితే వెనుదిరిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు గాని, అది మోటారును ఆపగలదు, తెగిన తాడును ఆపలేదు.

నాన్నగారు స్పానరు అడిగారు. నేనివ్వలేదు. తాడు కొస పట్టి ఉంచే ఆ మరమేకు మీద స్ప్రింగు బిగువంతా ఉంటుంది. నూతి తాడు జారితే బొక్కెన పోతుంది. ఇది జారితే చెయ్యి పోతుంది. ఆయన నొచ్చుకొని ఆ పూట మాట్లాడలేదు.

మర్నాడు పనివాడు వచ్చాడు. (ఈ దేశంలో మనిషి గడప తొక్కినందుకే రుసుము!) తలుపు దించి, మోటారు విడదీసి, రెండు ఉక్కు కడ్డీలను స్ప్రింగు కొసనున్న రంధ్రాల్లో మార్చి మార్చి దూర్చి, పావు చుట్టు చొప్పున బిగువు విప్పాడు. ఒక కడ్డీ లోపల నిలవకుండా రెండోది తీయలేదు. నాన్నగారు పక్కన నిలబడి లెక్కపెట్టారు: ముప్ఫై. తెగనిది కూడా అదే ఈడుదని రెండు తాళ్ళూ మార్చాడు. మళ్ళీ బిగించాక, తలుపును నడుమెత్తున ఎత్తి వదిలాడు. లేవలేదు, దిగలేదు. నాన్నగారు తామూ ఒకసారి ఎత్తి చూసి, "తూకం కుదిరింది" అన్నారు.

ఇప్పుడు నెలకొకసారి తలుపు మూసి, టార్చిలైటు వేసి తాళ్ళ అడుగు కొసలు చూస్తాను, చేత్తో తడమను.

పాత తాళ్ళను నాన్నగారు పారవేయనివ్వలేదు. తుప్పు కొసలు కత్తిరించి, చుట్టచుట్టి పెట్టెలో ఊరికి పట్టుకుపోయారు. దొడ్లో బీరపాదు వాటి మీదే పాకిందట.