తిరువనంతపురంలో మూడు వాకిళ్ళు

త్రివేండ్రం వెళ్ళినవారెవరైనా ముందు పద్మనాభస్వామి దర్శనం చేసుకుంటారు. మేమూ అదే చేశాం. చొక్కా విప్పి, పంచె కట్టి, తెల్లవారుజామునే వరుసలో నిలబడ్డాను. శేషతల్పం మీద పవళించిన స్వామి ఒక్క చూపుకు అందడు. ఒక వాకిట ముఖం, ఒక వాకిట నాభికమలం, ఇంకో వాకిట పాదాలు కనిపిస్తాయి. మూడూ చూస్తేగాని దర్శనం పూర్తి కాదు.

ఆ ఊళ్ళో పుస్తకాల సంగతీ అంతే సుమండీ!

కోవళం సముద్రానికి పోదామంది మా ఆవిడ. పాళయం పోదామన్నాను నేను. "ఇంట్లో ఉన్న పుస్తకాలు చాలవూ?" అని దెప్పుతూనే బయలుదేరింది. పాళయంలో ఎర్రటి పాతకాలపు భవనం ఉంది. అదే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1829లో, స్వాతి తిరునాళ్ మహారాజు కాలంలో మొదలైంది. తెలుగులో కూడా కృతులు రచించిన మహారాజాయన. గ్రంథాలయం నెలకొల్పే పని అప్పటి బ్రిటిష్ రెసిడెంటు కర్నల్ కడోగన్‌కు అప్పగించారట. దొర చేతిమీదుగా పుట్టినా, నేడది ఆ ఊరివారి సొంత సొత్తు.

అక్కడ పత్రిక చదువుకుంటున్న ఒక పెద్దాయన మా భాష విని పలకరించాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడట.

"ఇది చూశారు, సంతోషం. సెక్రటేరియట్ దగ్గర వై.ఎం.సి.ఏ. వీధి చూశారా? బ్రిటిష్ కౌన్సిల్ వారి గ్రంథాలయం అక్కడే ఉండేది" అన్నాడు.

నాలుగు దశాబ్దాలకు పైగా నడిచిన ఆ గ్రంథాలయాన్ని 2008లో కౌన్సిల్ వదులుకుంది. భోపాలులోని గ్రంథాలయానికీ అప్పుడే ఆ గతి పట్టింది. త్రివేండ్రం పాఠకులు ఊరుకోలేదు. మూయవద్దని అభ్యంతరం చెప్పారు, విజ్ఞాపనలు పంపారు.

"నేనూ సంతకం చేశాను. మా అమ్మాయి ఆ హాల్లో కూచునే పరీక్షలకు చదివింది. ఇంగ్లీషువాడి పుస్తకాల కోసం ఇంత గోలేమిటని నన్ను వేళాకోళం చేసినవాళ్ళూ ఉన్నారండీ. పుస్తకం ఎవరిదైతేనేం, చదివిన కళ్ళు మావి కావూ?" అన్నాడాయన.

నాకు హైదరాబాదు జ్ఞాపకం వచ్చింది. దౌత్య కార్యాలయం లేని ఊళ్ళలో విదేశీ సాంస్కృతిక కేంద్రాలు ఉండరాదని 1970లో మన ప్రభుత్వమే నిర్ణయించింది. దాంతో హైదరాబాదులోనూ, ఈ త్రివేండ్రంలోనూ అమెరికావారి గ్రంథాలయాలు మూతపడ్డాయి. అప్పుడు పొమ్మన్నది మనం, 2008లో పోతామన్నది వారు. రెండుసార్లూ మెట్ల మీద నిలబడిపోయినవాడు మాత్రం పాఠకుడే!

"మరి భోపాలులో ఏమైంది?" అని అడిగింది మా ఆవిడ. అప్పటిదాకా ఆమె వింటున్నదనుకోలేదు నేను.

"అక్కడ రాష్ట్ర ప్రభుత్వం చేయి అందించిందమ్మా. స్వామి వివేకానంద గ్రంథాలయమని పేరు మార్చి నిలబెట్టుకున్నారు. బోర్డు మారిందేగాని బీరువాలు కదల్లేదు" అన్నాడు పెద్దాయన.

మన పెద్దల సంగతి ఆయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పించారు. దొరలూ ఇవ్వలేదు, సర్కారూ ఇవ్వలేదు. చదివేవాడి దగ్గరికి పుస్తకమే వెళ్ళింది. పెద్దాయన ముచ్చటపడి, నా చేయి పట్టుకుని మరీ ఊపాడు.

సెలవు తీసుకుని వై.ఎం.సి.ఏ. వీధిలోంచి నడిచాం. ఎవరి పనుల మీద వారు పోతున్నారు. నేనేదో పెద్ద మాట అనబోతుంటే మా ఆవిడ ముందే అందుకుంది.

"మనం ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి కడుతూనే ఉన్నాం గదా?"

"అవును, కడుతున్నాం."

"మన వీధి చివరి శాఖా గ్రంథాలయం గడప తొక్కి ఎన్నాళ్ళయిందండీ మీరు?"

నేను మారుమాట్లాడకుండా కోవళం బస్సు ఎక్కాను.