ఒక్క పొగ లేచే ఊరు

పిల్లలూ! పూర్వం రష్యా దేశంలో కప్పం వసూలు చేసేటప్పుడు ఇళ్ళను కాక పొగలను లెక్కపెట్టేవారు. పొయ్యి వెలిగే ఇల్లు ఒక పొగ. పొగకు ఒక ఉడుత తోలు చొప్పున తీసుకున్నట్టు వారి పాత చరిత్ర గ్రంథంలో ఉన్నది. ఈనాడు ఆ దేశంలో శీతాకాలంలో ఒక్క పొగ మాత్రమే లేచే ఊళ్ళు ఉన్నాయి. అటువంటి ఊరు ఒకటి చూసివద్దాం రండి.

మాస్కోకు ఈశాన్యంగా కోస్త్రొమా అనే ప్రాంతం ఉన్నది. అక్కడ ఎటు చూసినా అడవే. అడవి మధ్య మట్టిదారిన పోగా పోగా ఒకే వీధి గల ఊరు వస్తుంది. వీధికి రెండు వైపులా దుంగల ఇళ్ళు. వాటిని "ఇజ్బా" అంటారు. దుంగల చివరలకు గాట్లు పెట్టి మూలల్లో ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. చలిగాలి దూరకుండా సందుల్లో నాచు కూరుతారు. కిటికీల చుట్టూ మన పాత ద్వారబంధాల మీద ఉన్నట్టే చక్కని చెక్కడపు పని ఉంటుంది.

లోపలికి పోతే గదిలో సగం పొయ్యే ఉన్నదేమో అనిపిస్తుంది! ముసలివాళ్ళూ పిల్లలూ దాని మీదనే పడుకునేవారు. నవ్వకండి. మంట ఇటుకల గూటి లోపల ఉంటుంది. పైన ఉండేది వెచ్చని అరుగు. ఉదయం ఒకసారి కట్టెలు మండిస్తే ఇటుకలు ఆ వేడిని దాచుకుని రోజంతా కొంచెం కొంచెంగా విడుస్తాయి. ఎమేల్యా అనే సోమరి పొయ్యి దిగకుండానే రాజుగారి కోటకు పోయిన కథ రష్యాలో పిల్లలందరికీ తెలుసు.

పొయ్యి వెలగని ఇల్లు ఎక్కువకాలం నిలవదు. కప్పు కారుతుంది, తడిసిన దుంగలకు బూజు పట్టి పుచ్చిపోతాయి. దున్నని చేలల్లో భూర్జ చెట్లు మొలుస్తాయి. పశువుల మేతకని ఒకప్పుడు పెంచిన బర్షెవిక్ అనే మొక్క మనిషికంటె ఎత్తుగా పెరిగి బీళ్ళను కమ్మేస్తుంది. దాని రసం అంటిన చోట ఎండ తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది.

జనం ఏమైనారు? 1941-45 యుద్ధానికి పోయిన మగవారు ఎందరో తిరిగి రాలేదు. 1960, 70లలో అధికారులు చిన్న ఊళ్ళను "భవిష్యత్తు లేనివి" అని జాబితా వ్రాసి, రోడ్లూ దుకాణాలూ పెద్ద ఊళ్ళకే ఇచ్చారు. 1991లో సోవియట్ రాజ్యం పోయాక సమష్టి వ్యవసాయ క్షేత్రాలు చాలా మూతబడ్డాయి. ఇన్ని కారణాలున్నా, ఏళ్ళ తరబడి హాజరు పిలిచిన నాకు మాత్రం, ఆ ఊరి కథ బడి మూసిన రోజునే ముగిసిందనిపిస్తుంది. బడి లేని చోట పిల్లల తల్లిదండ్రులు ఎట్లా ఉంటారు? 2010 జనాభా లెక్కలలో ఆ దేశపు పల్లెలు లక్షా యాభై వేల పైచిలుకు. వాటిలో 19 వేలకు పైగా ఊళ్ళలో ఒక్క మనిషి కూడా లేడు.

మన ఊళ్ళో ఇంకా ఒక అవ్వ ఉన్నది. బావినీళ్ళు తోడుకుంటుంది. నేలమాళిగలో బంగాళాదుంపలు దాచుకుంటుంది. రొట్టె, పంచదార బండి మీద వస్తాయి, దారిలో మంచు మరీ పేరుకోకపోతే. వేసవిలో పట్నం నుంచి మనుమలు వచ్చి వీధంతా అల్లరి చేస్తారు. సెలవులు అయిపోగానే తలుపులు మళ్ళీ మూతబడతాయి.

చలికాలం ఉదయాన పొరుగూరివాళ్ళు లేవగానే అటు చూస్తారు. పొగ లేస్తే సరే. లేవకపోతే, కాళ్ళకు స్కీలు కట్టుకుని బయలుదేరుతారు.