వాల్తేరు మిట్ట మీద ఒక మంగళవారం

విశాఖపట్నంలో సిరిపురం దగ్గర ఆటో దిగి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు తిరిగితే ఊరి రొద కాస్త వెనకబడుతుంది. చెట్ల నీడన రోడ్లు, వాటికి అటూ ఇటూ పాతవీ కొత్తవీ కలిసిన భవనాలు, తూర్పున వాలు దిగితే సముద్రం. ఎమ్మెస్సీలో చేరాలనుకుంటున్న ఒక అమ్మాయి, ఆమె తల్లిదండ్రులతో కలిసి ఈ ఆవరణ చూడడానికి వచ్చాను. కావాలనే మంగళవారం ఎంచుకున్నాం. ఆ రోజు పండగ లేదు, స్నాతకోత్సవం లేదు, అడ్మిషన్ల తొక్కిడి అంతకన్నా లేదు. చేర్పించే ముందు కాలేజీ చూసి రావడం మన ఇళ్లలో ఇప్పుడు మామూలైంది గానీ, ఆ చూడడం తరచుగా పెళ్లిచూపుల తీరులో సాగుతుంది. ముస్తాబు చేసిన గది చూస్తాం, ఇచ్చిన కాఫీ తాగుతాం, గోడ మీది ఫ్లెక్సీలో జీతాల అంకెలు చదివి ఇంటికి వస్తాం. విశ్వవిద్యాలయాన్ని అలా చూస్తే తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. దాన్ని పనిలో ఉన్నప్పుడే చూడాలి. కట్టడాలను చూసి మురిసిపోవడం కంటే, వాటిలో ఏ తలుపు ఎవరి కోసం ఏ వేళ దాకా తెరిచి ఉంటుందో కనుక్కోవడం ముఖ్యం. కుటుంబం బయల్దేరి రావలసింది ఈ ఒక్క సంగతి కోసమే అని నా వాదన.

కట్టడాలు చూసి విలువ కట్టలేమన్న మాటకు ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్రే సాక్ష్యం. 1926లో ఇది పుట్టింది ఇక్కడ కాదు, బెజవాడలో. కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగువు తేలి వాల్తేరుకు చేరేసరికి 1930 వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ఈ భవనాలు సైన్యం చేతికి పోతే విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, అక్కడే చదువు చెప్పింది. ఇరవై ఏళ్లు నిండకముందే ఇన్నిసార్లు గూడు మారినా ఇది చెదిరిపోలేదు. నిలబెట్టింది మనుషులు. మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. 1931లో ఆయన తర్వాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అయిదేళ్లపాటు చేసిన గొప్ప పని, పాతికేళ్లు అటూ ఇటూగా ఉన్న చురుకైనవాళ్లను దేశం నలుమూలల నుంచి వెతికి తేవడం. హుమాయూన్ కబీర్ ఇక్కడ పాఠం చెప్పారు. చరిత్ర చెప్పడానికి హీరేన్ ముఖర్జీ వచ్చారు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం భౌతికశాస్త్రంలో చేరారు. తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతం ఉన్నారు. ఆనాడు బిడ్డను తెచ్చి ఇక్కడ దింపిన తండ్రికి కనిపించింది సగం కట్టిన గోడలే అయ్యుంటాయి. ఆ గోడలను మాత్రమే చూసి వెనక్కి తీసుకుపోయినవాడు ఎంత పోగొట్టుకున్నాడో ఈ పేర్లే చెబుతాయి.

సైన్సు భవనాల వైపు నడుస్తుంటే జయపురం మహారాజు విక్రమదేవవర్మను తలుచుకోకుండా ఉండలేం. ఏటా లక్ష రూపాయలు ఇస్తానని ఆయన మాట ఇచ్చారు కనుకే సైన్సు, టెక్నాలజీ కళాశాల నిలిచింది, ఆయన పేరు పెట్టుకుంది. 1930ల నాటి లక్ష అది. అయితే డబ్బుతో గదులు వస్తాయి, పరికరాలు వస్తాయి. ఆ పరికరాలతో ఏం చేశారన్నది వేరే లెక్క. ఆ లెక్కకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ సముద్ర శాస్త్రం. పక్కనే సముద్రం ఉన్న కళాశాలలు మన తీరంలో చాలా ఉన్నాయి. 1950లలో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్తను పిలిపించి, ఇక్కడి విద్యార్థులను ఆయనతో పాటు బంగాళాఖాతం మీదికి పంపింది మాత్రం ఈ విశ్వవిద్యాలయమే. ఆ పరిశోధనల్లో సముద్రం అడుగున బయటపడిన లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అన్న పేర్లు వచ్చాయి. సి. మహదేవన్ ఇక్కడి భూవిజ్ఞాన శాస్త్ర ఆచార్యుడు. క్యాంపస్ నుంచి సముద్రం కనిపిస్తుందని సంబరపడే కుటుంబం అడగవలసిన ప్రశ్న ఇందులోనే ఉంది: ఈ శాఖలో విద్యార్థిని పడవ ఎక్కిస్తారా, ఒడ్డునే నిలబెడతారా?

కాబట్టి 400 ఎకరాలకు పైగా ఉన్న ఆవరణనంతా చుట్టిరావాలనే ఆశ మానుకుని, చేరదలచిన శాఖ దగ్గరే ఆగాం. సౌత్ క్యాంపస్‌లో ఆర్ట్స్, సైన్సు. మద్దిలపాలెం వైపు నార్త్ క్యాంపస్‌లో ఇంజినీరింగు. రెండింటి మధ్య ఊరంత దూరం. ఏ శాఖలోనైనా చూడవలసినవి నాలుగైదే. టైంటేబుల్ గోడకు అంటించి ఉంటుంది; ఆ వేళకు ఆ గదిలో క్లాసు జరుగుతోందా? ప్రాక్టికల్స్‌లో ఒక పరికరం చుట్టూ ఎంతమంది నిలబడుతున్నారు, అందరి చేతులూ దాని మీద పడుతున్నాయా, ఇద్దరు చేస్తే మిగతావాళ్లు రికార్డులో ఎక్కించుకుంటున్నారా? ఇవి అధికారులు చెప్పే సంగతులు కావు, రెండో సంవత్సరం విద్యార్థులు చెప్పేవి. మొదటి ఏడాది వాళ్లకు ఇంకా కొత్త పోదు. తర్వాత లైబ్రరీ. డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం లాంటి పెద్ద గ్రంథాలయం ఎదుట నిలబడినప్పుడు ఎన్ని లక్షల పుస్తకాలని అడగడం కంటే, రాత్రి ఎన్నింటి దాకా తెరుస్తారని అడగడం మేలు. అమ్మాయిని చేర్పించేవాళ్లు ఇంకొక ప్రశ్న కలుపుకోవాలి: అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? ఆ రెండు వేళలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోవాలి. గేటు ముందు మూసి లైబ్రరీ తర్వాత మూస్తే, ఆ మధ్య గంటల చదువు మగపిల్లలకు మాత్రమే దక్కుతుంది. ఏ క్యాంపస్‌కు వెళ్లినా ఈ లెక్క వేయమని నేను ప్రతి తల్లికీ చెబుతాను. భద్రత కోసం గేటు మూయడం ఒక పద్ధతి. చదువుకునే గది నుంచి హాస్టల్ దాకా దీపాలు వెలిగించి, బస్సు నడిపి, కాపలా పెట్టడం మరో పద్ధతి. రెండోది కష్టమే, అయినా విశ్వవిద్యాలయం అన్నాక ఆ కష్టం పడాలి.

అధ్యాపకుల సంగతి ఇంతకన్నా సున్నితం. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయాయనీ, ఖాళీల భారం గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులు మోస్తున్నారనీ అందరికీ తెలిసిందే. వాళ్లలో చాలామంది ప్రాణం పెట్టి చెబుతారు. కానీ వచ్చే ఏడు ఉంటారో లేదో తెలియనివారు విద్యార్థి చేత రెండేళ్ల ప్రాజెక్టు ఎలా చేయించగలరు? అందుకే శాఖాధిపతిని ఒక్క మాట అడగాలి: శాఖకు మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని? ప్రజల డబ్బుతో నడిచే సంస్థలో ఇది అడగడం అమర్యాద కాదు. హాస్టల్ మెస్ మెనూ గురించి గంటసేపు ఆరా తీసి, పాఠం చెప్పే మనిషి గురించి ఒక్క ముక్క అడగకుండా వచ్చేస్తే ఈ రాకకు అర్థం లేదు.

వీటికి ఎదురు మాటలు ఉన్నాయి, తీసిపారేయదగ్గవి కావు. మొదటిది: ర్యాంకును బట్టి సీటు వస్తుంది, చూసి ఏం లాభం? వెబ్ ఆప్షన్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు గనుక వాటి వరసలోనే మన ఎంపిక అంతా ఉంది. ఆ వరసను ఎక్కువమంది ఎదురింటివాళ్ల మాట మీదో, నెట్ సెంటర్ వాళ్ల సలహా మీదో పెడుతున్నారు. చేతిలో ఉన్న ఆ కాస్త ఎంపికనైనా చూసి చేయాలనే నేననేది. రెండోది ఉద్యోగాల మాట. అప్పు చేసి చదివించే ఇంటికి జీతం ప్రాణావసరం, దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఫ్లెక్సీ మీది అత్యధిక ప్యాకేజీ ఒకరిది. అసలు ఎంతమంది చదివారు, అందులో ఎందరికి వచ్చాయి, నడిమి విద్యార్థికి ఎంత వచ్చింది అన్నది అడిగితేనే ఆ అంకెకు విలువ. ఆ విలువకూ ఒక హద్దుంది. సి.ఆర్. రావు ఇక్కడే గణితంలో ఎం.ఏ. చేసి 1940లో బయటికి వచ్చారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు, కోరింది దొరకలేదు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరారు. 1945లో ఆయన రాసిన పరిశోధనా పత్రంలోని ఫలితాలు ఈనాటికీ ప్రపంచమంతటా గణాంక శాస్త్ర విద్యార్థులు చదువుకుంటున్నారు. 1940లో ప్లేస్‌మెంట్ పట్టిక వేసి ఉంటే ఆయన పేరు ఉద్యోగం రానివారి కిందే ఉండేది. అందరూ సి.ఆర్. రావులు కాలేరు, నిజమే. గట్టి గణితం చేతికివ్వగల శాఖ ఏదో వెతకడానికి మాత్రం అందరూ కాలేజీ దాకా రావచ్చు.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. పాడేరు అవతలి ఊళ్ల నుంచో, పార్వతీపురం నుంచో ఇద్దరు రావాలంటే బస్సు చార్జీలతో పాటు రెండు కూలీలు పోతాయి. రావడమే భారమైన ఇంటికి ఎలా చూడాలో చెప్పడం న్యాయమేనా? కాదు. ఆ బరువు కుటుంబం మీద వేయకూడదు. విశ్వవిద్యాలయాలే తమ లెక్కలు, అంటే పోస్టులు, లైబ్రరీ వేళలు, హాస్టల్ ఖర్చు, తెలుగులో రాసి శాఖ గుమ్మం ముందు పెట్టాలి. ఊళ్లలోని డిగ్రీ కళాశాలలకూ పంపాలి. ఏడాదికి రెండు మూడు మామూలు పనిరోజుల్లో ఆ కళాశాలల పిల్లలను బస్సులో తెచ్చి క్లాసుల్లో కూర్చోబెట్టాలి. ఆడిటోరియంలో ఉపన్యాసం వద్దు, జరుగుతున్న ప్రాక్టికల్ చూపిస్తే చాలు. సాయంత్రం మద్దిలపాలెంలో శ్రీకాకుళం బస్సు కోసం నిలబడినప్పుడు మా చేతిలో ఉన్నది ఒక్క కాగితం. అందులో కొన్ని గళ్లు నిండాయి, కొన్ని ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉన్నవాటిని వచ్చే వారం మరో ఆవరణలో కూడా అడగాలని ఆ అమ్మాయి వాటి కింద గీత గీసుకుంది.