దారి తప్పినా తిరిగి రాగలరు



మీ పాప గానీ బాబు గానీ కంప్యూటర్‌లో నల్ల తెర తెరిచి ఏదో టైప్ చేస్తుంటే కంగారు పడకండి. ఫోల్డర్ల మధ్య తిరగడం నేర్చుకుంటున్నారు.

ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన ముందు రాత్రి "ఫైల్ కనిపించట్లేదు" అనే మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. చాలాసార్లు ఫైల్ అక్కడే ఉంటుంది, ఎక్కడ పెట్టామో గుర్తుండదు. ఫోన్‌కు అలవాటైన పిల్లల్లో చాలామందికి ఫైల్‌కు ఒక చిరునామా ఉంటుందనే తెలియదు. లినక్స్ టెర్మినల్‌లో ఆ చిరునామా చేత్తో టైప్ చేస్తారు కాబట్టి మనసులో నిలుస్తుంది.

ఇందుకు వాడేది సీడీ అనే కమాండ్. దాని తర్వాత ఒక స్పేస్ వదిలి ఏం కొడతామన్నదే కిటుకు. రెండు చుక్కలు పెడితే పై ఫోల్డర్‌కు వెళ్తాం. అలలా ఉండే టిల్డా గుర్తు పెడితే ఎంత లోపలున్నా నేరుగా మన హోమ్ ఫోల్డర్‌కు వస్తాం. 1970ల నాటి ఏడీఎం-3ఏ టెర్మినల్ కీబోర్డులో టిల్డా, హోమ్ ఒకే కీ మీద ఉండేవి. పిల్లలకు ఈ సంగతి చెబితే ఇక మర్చిపోరు. చిన్న అడ్డగీత పెడితే ఇంతకు ముందున్న ఫోల్డర్‌కు వెళ్తాం, మళ్లీ కొడితే మళ్లీ ఇక్కడికి. రిమోట్‌లో ఒక్క బటన్‌తో క్రికెట్ నుంచి సీరియల్‌కు, సీరియల్ నుంచి క్రికెట్‌కు మారినట్టే. ఫోల్డర్ పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే, అలా మొదలయ్యే పేరు ఒక్కటే ఉంటే మిగతాది అదే పూర్తవుతుంది. ఎక్కడున్నామో తెలియకపోతే పీడబ్ల్యూడీ అని కొడితే పూర్తి చిరునామా చూపిస్తుంది.

ఇంట్లో విండోస్ ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో రెండు చుక్కలు, ట్యాబ్ పనిచేస్తాయి. టిల్డా, అడ్డగీత పనిచేయవు.

"ఇది పరీక్షలో వస్తుందా మేడం?" అని పీటీఎంలో అడుగుతుంటారు. మార్కుల కంటే దీంతో వచ్చే ధైర్యం ముఖ్యం అంటాను. సీడీ మనల్ని మాత్రమే కదిలిస్తుంది, ఏ ఫైల్‌నూ చెరపదు. చెరిపే కమాండ్లు వేరే ఉన్నాయి, అవి తర్వాత నేర్పుతాం. ఏది నొక్కితే ఏం పాడవుతుందో అని భయపడే పిల్లలు ఇక్కడ ధైర్యంగా దారి తప్పొచ్చు.

ఈ ఆదివారం పది నిమిషాలు పక్కన కూర్చుని, మౌస్ పక్కన పెట్టించి, "ఇప్పుడెక్కడున్నావు? హోమ్‌కు ఎలా వస్తావు?" అని అడగండి. వాళ్లు తడుముకున్నా మీరు చెప్పేయకండి. కాస్త ఆగండి, వాళ్లే వస్తారు.