సింహాలకు పడిశం పట్టిన వేసవి

పాతబస్తీలో పెరిగిన వారికి జూ అంటే బహదూర్‌పురాయే. మీరాలం చెరువు ఒడ్డున 1963లో తెరిచిన ఆ నెహ్రూ జూ పార్కుకు మా లాల్‌దర్వాజా నుండి ఆటోలో ఎంతో దూరం లేదు. చిన్నతనంలో సెలవునాడు వెళ్ళి, సింహం ఒక్కసారి ఆవలిస్తే చాలు, టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయనుకుని తిరిగివచ్చేవాళ్ళం.

ఆ జూలోని ఎనిమిది సింహాలకు కరోనా సోకిందని 2021 మే 4న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అంతకు కొద్దిరోజుల ముందే వాటికి దగ్గు వచ్చింది, ముక్కులు కారాయి, తిండి తగ్గింది. మత్తు ఇచ్చి నమూనాలు తీస్తే, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రజ్ఞులు పరీక్షించి నిర్ధారించారు. అంతకు ఏడాది ముందు న్యూయార్కులోని బ్రాంక్స్ జూలో ఒక పులికి ఇలాగే సోకింది. వైరసు మన కణాలలోకి చొరబడేందుకు పట్టుకునే ఏసీఈ-2 అనే గ్రాహకం పిల్లి జాతి జంతువులలోనూ మన దానిని పోలి ఉంటుందట. తలుపు ఒకే రకందైతే తాళంచెవి వేరే ఎందుకు?

మా వీధి అమ్మవారు సింహవాహిని. రోగాలు రాకుండా కాపాడమని ఆషాఢంలో ఆమెకు బోనమెత్తుతాము. ఆమె వాహనానికే మనం పడిశం తగిలించామని అప్పట్లో ఒక మిత్రుడు హాస్యమాడాడు. నాకు నవ్వు రాలేదు. కారణం చెబుతాను.

ఆ ఏప్రిల్‌లోనే ఒకనాటి ఉదయం నాకు గొంతులో కొంచెం గరగర అనిపించింది. చల్లని నీళ్ళు తాగినందువల్ల కాబోలు అనుకున్నాను. అమ్మను గది దాటనివ్వకుండా, పాలు, కూరగాయలు, మందులు అన్నీ నేనే తెచ్చి, అన్నం కంచం నా చేతులతోనే అందిస్తూ వచ్చాను. అయిదో రోజున ఆమెకు జ్వరం వచ్చింది. తరువాత పన్నెండు రోజులు ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు, దాని కోసం నేను తిరిగిన వీధులు – అదంతా మీరూ చూసినదే, మళ్ళీ వ్రాయను. బతికి బయటపడింది. నా గొంతు మాత్రం రెండు రోజులలో దానంతట అదే సర్దుకుంది.

రోగమంటే జంతువుల నుండి మనకు వచ్చేదని, దోమ నుండి, ఎలుక నుండి, గబ్బిలం నుండి వచ్చేదని చదువుకున్నాము. కానీ మన జంటనగరాలలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ చూసినదేమిటి? ఆయన లార్వాల నుండి పెంచిన దోమలు పుట్టుకతో ఏ రోగమూ లేనివి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకుని, వాటి చేత కుట్టించుకున్నాడు. ఆ తరువాతే ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కనబడింది. అంటే ఆనాడు ఇచ్చినవాడు మనిషి, పుచ్చుకున్నది దోమ. రాస్ పేరు వీధులకు పెట్టుకున్నాము గానీ ఆ అణాల మనిషిని ఎవరూ తలచుకోరు.

మనం ఇచ్చేది నోటి తుంపరలతోనే పోదు. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి ఈ నగరపు మురుగునీటిలో వైరసు ఆనవాళ్ళు కొలిచి, ఎందరికి సోకి ఉంటుందో అంచనా కట్టాయి. పరీక్ష చేయించుకోని వారి లెక్క కూడా కాలువకు తెలిసిందన్నమాట.

సింహాల వార్త టీవీలో వచ్చినపుడు అమ్మ ఇంకా మంచం మీదే ఉంది. వాటికి మనుషుల నుండే సోకి ఉంటుందని చెబుతున్నారు. సంరక్షకులపై జాగ్రత్తలు మరింత పెంచాలన్నారు. అమ్మ కాసేపు విని, "పాపం, బువ్వ వెట్టెటోనికే ముందుగాల వచ్చుంటది. వానికి మాత్రం ఎట్ల తెలుస్తది?" అంది. నేను సిలిండరు మీటరు చూస్తున్నట్లు అటు తిరిగాను.

మన సింహాలు కోలుకున్నాయి. ఆ జూన్‌లో చెన్నై దగ్గరి వండలూరు జూలో రెండు సింహాలు చనిపోయాయి.

మరుసటి ఏడు అమ్మ తానే అడిగితే జూకు తీసుకువెళ్ళాను. ఆయాసపడుతూ, ఆగి ఆగి నడిచింది. సింహాల దగ్గర మాస్కు కట్టుకుని బకెట్టుతో పోతున్న కుర్రాడిని ఆపి, "మంచిగున్నయా బిడ్డా?" అని అడిగింది. "మంచిగనే తింటున్నయమ్మా" అన్నాడతను. నా గొంతు గరగర సంగతి ఆమెకు నేను ఈనాటికీ చెప్పలేదు.